ఎవరు గీశారు?

మా ఆఫీసులో సర్వర్లు పడిపోయినప్పుడల్లా గ్రూపులోకి ఒక కుక్క వస్తుంది. చుట్టూ గది తగలబడుతుంటే చిన్న టోపీ పెట్టుకుని టేబుల్ ముందు కూర్చుని ఉంటుంది. ఎదురుగా కాఫీ కప్పు. ఏమీ జరగనట్టు నవ్వుతుంటుంది. మీరూ చూసే ఉంటారు. అర్ధరాత్రి పన్నెండింటికి పదకొండు మందిమి ఒకే కాల్‌లో ఇరుక్కుని, ఎవరి కోడ్ వల్ల ఇదంతా జరిగిందో తేల్చుకోలేక తలలు పట్టుకున్నప్పుడు ఆ బొమ్మ వస్తే కాస్త ప్రాణం లేచొస్తుంది. ఎనిమిదేళ్లుగా ఒకరికొకరం పంపుకుంటున్నాం. దాన్ని ఎవరు గీశారని మాలో ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు. పైగా మా టీమ్‌లో కామిక్స్ పిచ్చోణ్ని నేనే.

గీసింది కె.సి. గ్రీన్ అనే అమెరికన్ కార్టూనిస్టు. 'గన్‌షో' అనే తన వెబ్‌కామిక్‌లో 2013 జనవరిలో వేశాడు. ఇది తెలిసిన రోజే ఇంకో సంగతీ తెలిసింది. అసలు కామిక్‌లో ఆరు ప్యానెళ్లు ఉన్నాయి. లోకం పంచుకుంటున్నవి మొదటి రెండే. మిగతావాటిలో మంటలు దగ్గరికొస్తాయి, కుక్క కాఫీ తాగుతూనే ఉంటుంది, ఒళ్లు అంటుకుంటుంది, చివరికి మొహం కరిగి కారిపోతుంది. రెండు ప్యానెళ్ల బొమ్మ ఒక జోకు. ఆరు ప్యానెళ్లూ చూస్తే, తనకు తాను చెప్పుకున్న అబద్ధం ఒక ప్రాణిని ఏం చేసిందో చెప్పే భయంకరమైన కథ. మేం ఇన్నేళ్లూ నవ్వుకున్నది కథ చివరను, గీసినవాడి పేరును రెండిటినీ కోసేసిన ముక్క చూసి.

అప్పటి నుంచి ఒక ప్రశ్న నన్ను వదలట్లేదు. మంచి కామిక్ కనబడితే పదిమందికి పంపడం మంచి పనే అనుకుంటాం. సాహిత్యం చదివేవాళ్లకైతే అదొక బాధ్యత కూడా. పంపడంలో తప్పు చేయగలమా? చేస్తే, ఆ తప్పు ఎక్కడుంది?

ముందు నా తప్పు చెబుతాను. రెండేళ్ల కిందట ఇన్‌స్టాగ్రామ్‌లో తెలుగులో కామిక్స్ వేసే ఒకమ్మాయి పేజీ దొరికింది. వందల్లోనే ఫాలోయర్లు. ఒక కామిక్‌లో అమ్మమ్మకి వీడియో కాల్ చేయడం సరిగ్గా రాదు. ఫోన్ మొహానికి మరీ దగ్గరగా పెట్టుకుంటుంది. మనవరాలికి ఎప్పుడూ నుదురూ బొట్టూ మాత్రమే కనబడుతుంటాయి. చివరి ప్యానెల్‌లో అమ్మమ్మ లేదు. మనవరాలి ఫోన్‌లో ఆ బొట్టు స్క్రీన్‌షాట్ ఒక్కటే మిగిలింది. చదివి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. వెంటనే స్క్రీన్‌షాట్ తీసి, వాట్సాప్ స్టేటస్‌కి సరిపోయేలా పైనా కిందా కత్తిరించి పెట్టాను. స్కూలు గ్రూపులో, చుట్టాల గ్రూపులో కూడా వేశాను. కింద కత్తిరించిన పట్టీలోనే ఆమె పేరుంది. కావాలని తీసేయలేదు. ఉందని చూడనే లేదు.

రెండు వారాల తర్వాత జహీరాబాద్ నుంచి మా పెద్దమ్మ అదే కామిక్ నాకు పంపింది. మూలన ఏదో జోకుల పేజీ లోగో, కింద ఒక గులాబీ, గుడ్ మార్నింగ్. నా చేతిలోంచి పోయిందే తిరిగొచ్చిందో, ఇంకెవరో నాలాగే కత్తిరించారో తెలీదు. మరికొన్ని నెలలకి ఆ అమ్మాయి పేజీలో ఒక చిన్న నోటు కనబడింది. తన బొమ్మలు తనకే ఫార్వర్డ్ అయి వస్తున్నాయనీ, వాటి మీద పేరు మాత్రం ఉండట్లేదనీ, కొన్నాళ్లు ఆపేస్తున్నాననీ. ఆ తర్వాత కొత్త కామిక్ రాలేదు.

నా వల్లే ఆపేసిందని అనుకుంటే అదొక రకం గొప్ప చెప్పుకోవడం అవుతుంది. నా వాటా ఎంతో లెక్క తేలదు. ఆ తేలకపోవడంలోనే ఇబ్బంది ఉంది. వెయ్యిమంది తలా కొంచెం కత్తిరిస్తే మొత్తం పోతుంది, ఎవరి చేతికీ రక్తం అంటదు.

ఇలాంటప్పుడు మనకు మనం చెప్పుకునే సమాధానాలు రెండుంటాయి. మొదటిది: కాపీ చేస్తే అసలుది తగ్గదు కదా. నా సైకిల్ నువ్వు తీసుకుంటే నాకు సైకిల్ ఉండదు. నా బొమ్మ కాపీ చేసుకుంటే ఇద్దరి దగ్గరా ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకి ఈ వాదన ఉగ్గుపాలతో వచ్చినట్టే. మా రంగమంతా పక్కవాళ్లు ఇచ్చిన కోడ్ మీదే నిలబడి ఉంది.

రెండో సమాధానం నాకు ఇంకా దగ్గరిది. దొంగ కాపీలు లేకపోతే నేనసలు ఈ పాఠకుణ్ని అయ్యేవాణ్ని కాదు. జహీరాబాద్‌లో నా చిన్నప్పుడు బొమ్మల కథలంటే బస్టాండు కొట్లో దొరికే చందమామ, చేతులు మారుతూ వచ్చే హిందీ రాజ్ కామిక్స్, అమర్ చిత్ర కథ. గ్రాఫిక్ నవల అనేది ఒకటుందని ఇంజనీరింగ్ హాస్టల్లో ఒక పెన్‌డ్రైవ్ చెప్పింది. ఆర్ట్ స్పీగెల్‌మన్ 'మౌస్', మర్జానె సత్రపి 'పర్సెపొలిస్', అలన్ మూర్, డేవ్ గిబ్బన్స్ 'వాచ్‌మెన్' అన్నీ అందులోనే చదివాను. యూదుల్ని ఎలుకలుగా, నాజీల్ని పిల్లులుగా గీసి ఒక మనిషి తన తండ్రి కథ చెప్పగలడని తెలిసిన రాత్రి నిద్రపట్టలేదు. ఒక్క పుస్తకానికి పెట్టాల్సిన డబ్బు నా నెల మెస్ బిల్లులో సగం. కొనే దారి లేదు, మా ఊళ్లో కొట్టూ లేదు, లైబ్రరీలో అవి లేవు. కాబట్టి కాపీ చేయడమే పాపం అని నేను అనలేను. అంటే నా చదువునే కాదనుకోవాలి.

కాపీ చేయడం పాపం కాదనడానికి ఇంతకన్నా పెద్ద సాక్ష్యం చందమామ. అది కామిక్స్ పత్రిక కాదు. కానీ కథని బొమ్మతో కలిపి చదవడం మనలో చాలామందికి నేర్పింది అదే. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసులో మొదలుపెట్టారు. అరవై ఏళ్లు నడిచాక 2007లో జియోడెసిక్ అనే ముంబై కంపెనీ చేతికి వెళ్లింది. 2013 నాటికి పత్రిక ఆగిపోయింది. తర్వాత వెబ్‌సైటు కూడా పోయింది. ఇవాళ నేను 1950ల సంచికలు ఫోన్‌లో తిరగేయగలుగుతున్నానంటే కారణం మామూలు పాఠకులు. అటకల మీది కట్టలు దింపి, దుమ్ము దులిపి, పేజీ పేజీ స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టారు. చాలావరకు ఎవరినీ అనుమతి అడగలేదు. అడుగుదామన్నా జవాబు చెప్పేవాళ్లు లేరు.

వాళ్లు ఇంకో పని కూడా చేశారు, నాకు అన్నిటికన్నా అదే ముఖ్యంగా తోస్తుంది. 'తోకచుక్క', 'కంచుకోట', 'రాకాసిలోయ' లాంటి సీరియళ్ల కోసం తెలుగు పిల్లలు నెలనెలా ఎదురుచూశారు. వాటి మీద రచయిత పేరు ఉండేది కాదు. రాసింది దాసరి సుబ్రహ్మణ్యం. 1950ల మొదటినుంచీ 1980లో చనిపోయేదాకా పత్రిక వెనక ఉన్న కొడవటిగంటి కుటుంబరావు పేరు కూడా సంపాదకుడిగా పడేది కాదు, చక్రపాణి పేరుండేది. బొమ్మలు వేసినవాళ్లు నయం. మూలన సంతకం ఉండేది కాబట్టి చిత్రా, శంకర్, వపా మనకు తెలుసు. భేతాళుణ్ని భుజాన వేసుకున్న విక్రముడి బొమ్మ గీసిన శంకర్ 2020లో పోయినప్పుడు ఎవరు పోయారో దేశానికి తెలిసింది. 2010లో పోయిన దాసరి సుబ్రహ్మణ్యం చివరి రోజుల దాకా చాలామంది పాఠకులకి పేరు లేని మనిషే. పాత సంచికలు పోగేసి, చర్చించి, తెలిసినవాళ్లని అడిగి ఆ పేరు పదిమందికీ చెప్పింది ఈ స్కాన్లు పంచుకున్న అభిమానులే. ఇప్పుడు ఆ సీరియళ్లు కొన్ని ఆయన పేరుతోనే పుస్తకాలుగా వస్తున్నాయి.

ఈ రెండు కాపీలనీ పక్కపక్కన పెట్టి చూడండి. చందమామ అభిమానులూ కాపీ చేశారు, నేనూ చేశాను. వాళ్లు లేని పేరును తెచ్చి పెట్టారు. నేను ఉన్న పేరును కోసేశాను. అంటే తప్పు కాపీలో లేదు.

మన కాపీరైట్ చట్టం చదివితే ఈ తేడా అందులోనూ కనబడింది. 1957 నాటి చట్టం ప్రకారం రచయిత పోయిన అరవై ఏళ్ల దాకా హక్కులుంటాయి. వాటిని అమ్ముకోవచ్చు, రాసివ్వచ్చు. కానీ 57వ సెక్షన్‌లో ఇంకో రకం హక్కుంది. ఇది నాదని చెప్పుకునే హక్కు, తన పరువుకు భంగం కలిగేలా దాన్ని వికృతం చేస్తే అడ్డుకునే హక్కు. మిగతా హక్కులన్నీ అమ్మేసుకున్నాక కూడా ఇవి రచయితకే ఉంటాయి. డబ్బు ఒక లెక్క, పేరు వేరే లెక్క అని చట్టానికి కూడా తెలుసన్నమాట. మా ఇంజనీర్ల ఇలవేల్పు లాంటి 'ఎక్స్‌కేసీడీ' వెబ్‌కామిక్‌ని 2005 నుంచి గీస్తున్న రాండల్ మన్రో, వ్యాపారానికి కాకపోతే ఎవరైనా వాడుకోవచ్చని లైసెన్సు ఇచ్చేశాడు. ఒక్కటే షరతు: పేరు చెప్పాలి.

పేరంటే కీర్తి కండూతి అనుకునేవాళ్లున్నారు. నేనూ కొంతకాలం అలాగే అనుకున్నాను. మాట్ ఫ్యూరీ కథ తెలిశాక మానేశాను. 2005లో 'బాయ్స్ క్లబ్' అనే తన కామిక్‌లో పెపె అనే బద్ధకపు కప్పని గీశాడు. ఏ పాపం ఎరగని కప్ప. ఇంటర్నెట్‌లో చేతులు మారీ మారీ, ఎవరిదో మరచిపోయాక, అమెరికాలో జాత్యహంకారుల చేతికి చిక్కి వాళ్ల గుర్తుగా మారిపోయింది. 2017లో ఫ్యూరీ పెపెని శవపేటికలో పెట్టి గీశాడు. తాను పుట్టించిన బొమ్మకి తానే అంత్యక్రియలు చేశాడు. పేరుంటే ఇదంతా ఆగేదని కాదు. కానీ ఒక బొమ్మ అర్థం ఇదీ అని చెప్పగలిగేవాడు ఒకడుంటాడు. అతని దగ్గరికి తిరిగి వెళ్లే దారి పేరు. ఆ దారి తెగితే బొమ్మ ఎవరికి బలముంటే వాళ్లదవుతుంది.

దీనికి దగ్గరి విషయం ఒకటి మా ఊరి పక్కనే ఉందని నాకు ఆలస్యంగా తట్టింది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఉంది. 1983లో మొదలైంది. చుట్టుపక్కల ఊళ్ల మహిళా సంఘాలు, ఎక్కువగా దళిత ఆడవాళ్లు, అందులో ఉన్నారు. పచ్చజొన్న, కొర్ర, సామ లాంటి పాత పంటల విత్తనాలు బూడిద, వేపాకు కలిపి గంపల్లో దాచుకుంటారు. ఏటా సంక్రాంతికి మొదలయ్యే పాత పంటల జాతరలో ఎడ్లబండ్ల మీద ఆ విత్తనాలు ఊరూరా తిరుగుతాయి. చిన్నప్పుడు అదొక తమాషాగా చూశాను. విత్తనం ఎలా చేతులు మారుతుందో పెద్దయ్యాక తెలుసుకున్నాను. కావాల్సినవాళ్లకి డబ్బు తీసుకోకుండా ఇస్తారు. పంట పండాక తీసుకున్నవాళ్లు ఇచ్చినదానికన్నా ఎక్కువ, చాలాసార్లు రెట్టింపు, తిరిగి పోస్తారు. పండనప్పుడు పీడించరు. కానీ బాకీ బాకీయే.

నా పెన్‌డ్రైవ్ రోజులకి ఇంతకన్నా సరైన పద్దతి దొరకదనిపించింది. చేతిలో డబ్బు లేనప్పుడు తీసుకున్నాను. దాన్ని దొంగతనమనీ అనక్కర్లేదు, నా హక్కనీ అనక్కర్లేదు. అప్పు. ఉద్యోగం వచ్చాక, అంటే పంట పండాక, తీర్చాలి. నేను మొదటి జీతం వచ్చిన ఆరేళ్లకి గానీ 'పర్సెపొలిస్' కొనలేదు. ఆ ఆరేళ్లూ పేదరికం లేదు, అలవాటు మిగిలిపోయింది. నా మొదటి సమాధానం ఒకప్పుడు నిజమే. నిజం కాకుండా పోయిన రోజును నేను గమనించలేదు.

తేడాలున్నాయి, దాటవేయను. విత్తనం తరతరాల పని, ఒక్కరిది కాదు. కామిక్ ఒకమ్మాయి రాత్రుళ్లు మేలుకుని గీసింది. అంతకన్నా పెద్ద అభ్యంతరం: విత్తనాన్ని ఆ ఆడవాళ్లు ఇచ్చారు. నాకు ఆ అమ్మాయి ఇచ్చిందా? నేనే తీసుకుని, తర్వాత దానికి అప్పు అని పేరు పెట్టుకుంటే అది ఏం న్యాయం?

ఈ అభ్యంతరానికి పూర్తి సమాధానం నా దగ్గర లేదు. కానీ అదే నాకు ఒక గీత చూపించింది. అడగగలిగే వీలుందా లేదా? 1954 చందమామ స్కాన్ చేసినవాళ్లకి అడగడానికి మనిషి లేడు. హాస్టల్లో ఉన్న నాకు అమెరికా ప్రచురణకర్తని అడగాలన్న ఊహే రాదు. ఆ అమ్మాయి మాత్రం ఒక్క మెసేజ్ దూరంలో ఉంది. 'ఇది మా వాళ్లకి పంపొచ్చా' అని టైపు చేయడానికి పది సెకన్లు. కత్తిరించడానికి అంతకన్నా ఎక్కువే పట్టింది. అడగలేని పరిస్థితిలో తీసుకోవడం ఒకటి, అడగగలిగీ అడగకపోవడం ఇంకొకటి. రెండోదానికి నా రెండు సమాధానాలూ పనికిరావు.

అనిమే సంగతి దీన్ని కొంచెం చిక్కు చేస్తుంది. 2006లో మొదలైనప్పుడు క్రంచీరోల్ అంటే అభిమానులు అనుమతి లేకుండా ఎక్కించిన వీడియోల సైటు. 2009 నుంచి లైసెన్సుల దారి పట్టింది, 2021లో సోనీ చేతికి వెళ్లింది. 2025 సెప్టెంబరులో 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాజిల్' తెలుగు డబ్బింగ్‌తో మన థియేటర్లకొచ్చింది. హాలు నిండా కుర్రాళ్లు, తెరమీద పాత్ర కనబడగానే హీరో ఎంట్రీకి వేసినట్టు ఈలలు. టికెట్ కొని నేనూ వాళ్లలో కూర్చున్నాను. ఆ పిల్లల్లో చాలామందిని తయారుచేసింది ఏళ్లపాటు జీతం లేకుండా సబ్‌టైటిళ్లు రాసి పంచిన అనామకులే. ఇక్కడ బాకీ తీరినట్టేనా? కొంత తీరింది. తీరిన డబ్బు కంపెనీకి చేరింది, సబ్‌టైటిళ్లు రాసినవాళ్ల పేర్లు ఎక్కడా లేవు. పంచుకోవడం వల్ల చివరికి అందరికీ మంచే జరుగుతుంది అనే మాట పెద్ద పెద్ద పరిశ్రమల విషయంలో నిజం కావచ్చు. వందల ఫాలోయర్లున్న తెలుగు కామిక్‌కి ఆ 'చివరికి' వచ్చేదాకా ఓపిక ఉండదు. అంతకుముందే ఆగిపోతుంది.

విత్తనాల దగ్గర నేర్చుకున్నది ఇంకొకటుంది. కంపెనీ హైబ్రిడ్ విత్తనం మొదటి పంట బ్రహ్మాండంగా ఇస్తుంది. ఆ గింజలు దాచి మళ్లీ వేస్తే అదే పంట రాదు. పేరు తెగిన ఫార్వర్డ్ అలాంటిది. లక్షమంది చూస్తారు, నవ్వుతారు, కళ్లు తుడుచుకుంటారు. అక్కడితో సరి. ఆ లక్షలో ఒక్కరు కూడా రెండో కామిక్ కోసం ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లలేరు. దారి లేదు. పేరుతో, లింకుతో పంపితే ఇరవై మందే చూడొచ్చు, లింకు నొక్కడం అందరికీ బద్ధకమే. కానీ ఆ ఇరవైలో ముగ్గురు వెళ్తారు. కొత్త కామిక్ గీయడానికి ఆ ముగ్గురు చాలేమో.

ఇప్పుడు పంపే ముందు రెండు చూసుకుంటున్నాను. అడగొచ్చా, అడిగానా? చూసినవాళ్లు గీసినవాళ్ల దగ్గరికి వెళ్లగలరా? దీనివల్ల నేను పంపేవి బాగా తగ్గాయి. ముందు పంపినవాటిలో సగం, నేనెంత ముందు కనిపెట్టానో చూపించుకోవడానికే పంపానని కూడా అర్థమైంది. అది ఒప్పుకోవడం మిగతావన్నిటికన్నా కష్టమైంది.

ఆ అమ్మాయికి మెసేజ్ పెట్టాను. ఏం చేశానో దాచకుండా రాశాను, క్షమించమన్నాను, మళ్లీ గీస్తే కొనుక్కుంటానన్నాను. చూసినట్టు గుర్తు పడింది. జవాబు రాలేదు. రావాలని అడిగే హక్కు నాకు లేదు.

తర్వాత చుట్టాల గ్రూపులో అమ్మమ్మ కామిక్ మళ్లీ పెట్టాను. ఈసారి బొమ్మ కాదు, ఆమె పేజీ లింకు. నేను కత్తిరించి పంపింది ఈ అమ్మాయిదని కింద రాశాను. గ్రూపులో ఎవరూ పట్టించుకోలేదు, ఎవరిదో సీమంతం ఫోటోల కింద కొట్టుకుపోయింది. రాత్రి పెద్దమ్మ ఫోన్ చేసింది. లింకు నొక్కిందట, చాలా బొమ్మలున్నాయట, కూర్చుని అన్నీ చూసిందట.

"ఎవల బిడ్డరా ఆ పిల్ల?" అని అడిగింది. "మల్ల గీస్తలేదేంది?"